చెయ్యి ఇటియ్యి, కోడలా

అత్త దినాల రోజు నేను చేసిన పనికి నలుగురూ నన్ను వింతగా చూశారు. వరండాలో బల్ల మీద ఆమె ఫొటో పెట్టి, బంతిపూల దండ వేసి, ఆమె కొడుకు అగరుబత్తి వెలిగించాడు. పొగ లేచిందో లేదో, నేను గబగబా వెళ్లి ఆ నిప్పును వేళ్లతో నలిపేశాను. చురుక్కుమన్నాక గానీ ఏం చేశానో నాకే తెలియలేదు.

"ఏంది వదినా?" అన్నాడు ఆమె కొడుకు, అగ్గిపెట్టె ఇంకా చేతిలోనే ఉంది.

"షెడ్డు పక్కనే కదయ్యా" అన్నాను.

"షెడ్డు ఖాళీ గద ఇప్పుడు. పురుగుల్లేవు."

నిజమే. అతను మళ్లీ వెలిగించాడు. నేను దూరంగా జరిగి నిలబడ్డాను. బతికున్నన్నాళ్లూ ఆ వరండాలో అగరుబత్తి కాదు గదా, దోమల బత్తి కూడా వెలగనివ్వని మనిషి ఫొటో ముందు అంత పొగ చూసేసరికి, ఇప్పుడో ఇంకాసేపటికో తిట్లు మొదలవుతాయని ఎదురుచూశాను. తిట్లు రాలేదు. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆమెకు పేరు లేక కాదు. ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలిచేవాళ్లు కాదు, పురుగులామె అనేవాళ్లు. నేనూ ఇక్కడ ఆ పేరు రాయను. రాస్తే "నా పేరు బజార్ల పెడ్తవా" అని ఎక్కడున్నా అరుస్తుంది. ఆమె నాకు నిజానికి అత్తా కాదు. మా అత్తగారు పోయాక మా ఆయన ఆమెను చిన్నమ్మా అని పిలవడం మొదలుపెట్టాడట, ఆ వరసన నాకు అత్త అయింది. మా మామగారి వాళ్లు కృష్ణా వైపు నుంచి భూములు చవకని ఇక్కడికి వచ్చి నిలబడ్డ వాళ్లు. ఆమె బొగ్గుబాయిల ఊళ్లో పుట్టి ఇక్కడికి కోడలుగా వచ్చింది. చండ్రుగొండకూ ఏన్కూరుకూ నడుమ, రోడ్డు అడవిలోకి తిరిగే చోట మా ఊరు. రెండు కుటుంబాలకూ చుట్టరికం లేదు. చేలు మాత్రం పక్కపక్కనే. మాది మెరక, ఆమెది వాగు ఒడ్డు.

ఆమెతో ఎవరి పరిచయమైనా ఒక్కలాగే మొదలయ్యేది. షెడ్డు గడప ముందు అడ్డంగా నిలబడి "చెయ్యి ఇటియ్యి" అనేది. ఇస్తే, సోదమ్మలా అరచేతిని తిప్పి, ముక్కుకు ఆనించుకుని, కళ్లు మూసుకుని ఒక్కసారి గట్టిగా పీల్చేది. ఆ తర్వాత తీర్పు.

"బీడీ. అవతల్కి నడువ్."

"తలకు ఏం నూనె పెట్టినవే, గింత వాసన? పో, సబ్బేసి కడుక్కరా."

"నువ్వు మిర్చితోట కాడికెల్లి సక్కగ ఇటే వచ్చినవ్ గదా? తానం చేసి, బట్టలు మార్చుకొని రా. లేకుంటే రాకు."

పాపం ఆ వచ్చినవాళ్లు ఏదో వింత చూద్దామని వచ్చి, దొంగల్లా చేతులు చాపి నిలబడేవాళ్లు. పెళ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చినవాళ్లనూ వదిలేది కాదు, ఓట్లడగడానికి వచ్చినవాళ్లనూ వదిలేది కాదు. ఓట్ల వాళ్లలో ఒకాయన మరీ నమ్రతగా రెండు చేతులూ చాపితే, "సెంటు కొట్టుకొని ఓట్లడుగుతరా?" అని గేటు బయటే కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి పంపింది.

ఆమె అతి అనుకునేవాళ్లు ఉండేవాళ్లు. మొదట్లో నేనూ అనుకున్నాను. కానీ పట్టుపురుగంత సుకుమారమైన ప్రాణిని నేను మళ్లీ చూడలేదు. పొగాకు ముట్టిన చేత్తో ఆకు వేస్తే చస్తుంది. పురుగుమందు గాలి సోకితే చస్తుంది. పొగ పడదు, ఘాటు పడదు. మా చుట్టూ పండేదేమో మిర్చి. పూత మొదలు కాయ కోసేదాకా మందు కొట్టని వారం ఉండదు. అలాంటి ఊళ్లో పట్టుపురుగులు పెంచడమంటే కల్లు దుకాణం పక్కన బడి పెట్టినట్టే.

"పురుగుకు నోరు లేదు బిడ్డా" అనేది. "నాకు మందు తగిలింది, ఆకు మార్చమని అడగది. ఊకనే సస్తది. అడగాల్సింది నా ముక్కే."

ఆ ముక్కు కూడా ఊరికే రాలేదు. పెళ్లయిన కొత్తలోనే ముక్కుపొడి అలవాటైందట ఆమెకు. పొగాకే కదా అది కూడా. పురుగులు తెచ్చిన రోజున మానేసింది. మానేశాక ముక్కుకు వాసనలన్నీ తెలియడం మొదలైందని, కోపం కూడా అప్పుడే మొదలైందని ఆమె కొడుకు చెప్పేవాడు. కోపం అంతకుముందు నుంచీ ఉందని ఊరంతా చెప్పేది. ఒక పంట అయిపోయి షెడ్డు కడిగి సున్నం కొట్టి ఆరబెట్టే రోజులుంటాయి. అప్పుడు సంచి సర్దుకుని అన్నగారింటికి బస్సెక్కేది. ఒకసారి నేను "అన్నంటే ఎంత ప్రేమో అత్తకు" అన్నాను.

"అన్న మొఖం ఎవలు జూడాలె?" అంది నవ్వు ఆపుకుంటూ. "ఆడ ఇంటి ముందే ముక్కుపొడి దుకాణమున్నది."

అక్కడ కడుపారా పీల్చి, తలంటుకుని, ఆ చీరె అక్కడే వదిలేసి, ఇంకో చీరెతో తిరిగొచ్చేది. వచ్చి తన చేయి తానే వాసన చూసుకుని లోపలికి వెళ్లేది.

వాళ్ల నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆమె మాటలో సగం అక్కడిదే. పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండి, పాత చర్మం వదులుతుంది. రైతులందరూ దాన్ని జ్వరం అంటారు. అత్త మాత్రం, బాయి మనుషులు పనికి రానట్టు, "ఇయ్యాల పురుగులు నాగా" అనేది. జ్వరం లేస్తే "డ్యూటీ ఎక్కినయ్". ఆకు వేసే వేళలకు షిఫ్టులని పేరు. చివరి దశలో పురుగులన్నీ ఒక్కసారిగా ఆకు నమిలే చప్పుడు వస్తుంటే, గోడకు చెవి పెట్టి "కాంటీను నడుస్తున్నది" అని మురిసిపోయేది.

ఇవన్నీ నవ్వులాటకే అనుకునేదాన్ని. కానీ ఆమె మా ఊరిని ఎందుకు క్షమించలేదో ఈ మాటల్లోనే ఉంది. పుట్టింట్లో ఒకటో తారీకు వస్తే జీతం, జీతం వస్తే మాంసం కూర. ఇక్కడికి వచ్చాక చూస్తే ఏడాదంతా చాకిరీ, చివరికి మిర్చి బస్తాలు ఖమ్మం మార్కెట్టు చేరాక తేలే జాతకం.

"మా నాయన పొద్దున బాయిలకు దిగితే సాయంత్రం వస్తడో రాడో తెల్వదు. గని జీతం మాత్రం నెలకు వచ్చేది" అనేది. "మీ ఊరి మొగోళ్లు ఎండల మంచిగనే తిరుగుతరు, జీతమే ఎప్పుడొస్తదో తెల్వదు. ఇదేం నౌకరి?"

ఏన్కూరు వైపు ఎవరో మల్బరీ వేసి పట్టుగూళ్లు అమ్ముతున్నారని విని, బస్సెక్కి వెళ్లి చూసొచ్చింది. రెండు నెలలకో పంట వస్తుందని వాళ్లు చెప్పగానే ఇంకేమీ అడగలేదట. వాగు ఒడ్డు చేలో మిర్చి తీసేసి మల్బరీ నాటించింది. ఊరు నవ్వింది. పురుగుల్ని చంపడానికి మందులు కొనే ఊళ్లో, పురుగుల్ని పెంచడానికి షెడ్డు కట్టిన మనిషి ఆమే.

మా మామగారూ నవ్విన వాళ్లలో ఒకరు. ఆయన్ను నేను చుట్ట లేకుండా చూసింది తక్కువ. ఒకరోజు చేనికి వెళ్తూ, ఆ పురుగుల సంగతేమిటో చూద్దామని ఆమె షెడ్డు వైపు తిరిగారు. నేను వెనక ఉన్నాను. అత్త గడప మీద నిలబడే ఉంది.

"బావా, ఆగు."

"ఏం, చెయ్యి చూపించాలా?"

"నీకు చెయ్యి సూసే పన్లేదు. నోట్ల చుట్ట, జేబుల చుట్ట, మీసాలల్ల చుట్ట. కిటికీల కెల్లి చూడు."

"నా గట్టు మీద నడిచి నీ చేలోకి పోతావు, నన్ను గడప దగ్గర ఆపుతావా?"

"నీ గట్టు మీద నడిచేది నేను బావా. పురుగులు కాదు. అవి నీకేం బాకీ లేవు."

ఆయన కిటికీ జాలీకి ముఖం ఆనించి కాసేపు చూశారు. చుట్ట మాత్రం వెనక్కి పట్టుకున్నారు. తిరిగొస్తూ నాతో, "పురుగుల్ని మేపుకు బతకడం మన ఇంటా వంటా లేదు" అన్నారు. మా ఇంటా వంటా ఉన్న మిర్చి అప్పటికే ఏం చేసిందో ఇద్దరికీ తెలుసు.

నల్ల తామరపురుగు వచ్చి పూతంతా రాల్చేసిన ఏడాది అది. ఆ మరుసటి ఏడూ అంతే. మా ఆయన మంచి రైతు. తెల్లవారకుండానే చేలో ఉండేవాడు, ఆకు రంగు చూసి చెట్టు రోగం చెప్పేవాడు. ఆయన కష్టపడక పోలేదు, పంట రాక పోయింది. హైదరాబాదులో ఏదో అపార్టుమెంటుకు కాపలా మనిషి కావాలన్నారని, గది కూడా ఇస్తారని ఎవరో చెబితే, ఆయన సరేనన్నాడు. పిల్లలతో సహా పోవడమే. ఆ మాట విన్న రోజు అత్త మా ఇంటికి వచ్చి, చాప వేస్తున్నా కూర్చోకుండా, "నాలుగు మల్బరీ పుల్లలు నేనిస్త, నాటు కొడుకా. గేటు కాడ కూసునేదైతే నీ సొంత గేటు కాడనే కూసో" అంది.

మామగారు ఒప్పుకున్నారు గానీ షరతు పెట్టారు. మొదటి పంట చూస్తానన్నారు. అది పోతే మల్బరీ పీకించి జామాయిల్ వేసేస్తారు, మేం హైదరాబాదు బండెక్కుతాం. జామాయిల్‌కు మనుషులు అక్కర్లేదు కదా.

అలా మాకు ఆమె గురువు అయింది. ఎంత మంచి గురువో అంత నోటి దురుసు గురువు. నేను కొమ్మ కోసే తీరు నచ్చేది కాదు, పరిచే తీరు నచ్చేది కాదు. "పురుగులకు అన్నం పెడ్తున్నవా, కోళ్లకు నూకలు జల్లుతున్నవా?" అనేది. రోజూ గడప దగ్గర నా చేయి వాసన చూసేది. సొంత షెడ్డు గడప దగ్గర నా చేయి ఇంకొకరు వాసన చూడటమేమిటని నాకు మండేది. అయినా చాచేదాన్ని. మా రెండు షెడ్లకూ పిల్ల పురుగులు ఒకేసారి తెప్పించలేదు ఆమె. ముందు మాకు, కొన్నాళ్ల తర్వాత తనకు. "నీది ఫస్ట్ షిఫ్ట్, నాది సెకండ్ షిఫ్ట్. నీ గత్తర అయిపోయినంక నా గత్తర" అనేది. అప్పటికి చాలా రోజులుగా, ఈ పంటతో ఒక మోపెడ్ బండి కొంటానని, ఆకు మోపు వెనక కట్టుకుని తనే నడుపుతానని ఊరందరికీ చెబుతూ ఉంది. కొడుకు బండి మీద వాగు దాకా నేర్చుకుంది కూడా. రెండుసార్లు వాగులోకీ వెళ్లింది.

మా పురుగులు నాలుగో జ్వరం లేచి, చివరి దశకు వచ్చాయి. అప్పుడు తినే తిండే తిండి. మోపులకు మోపులు వేసినా గంటలో పుల్లలు మిగులుతాయి. ఆ తిండంతా పట్టుగా మారాలి. ఆ వారంలో ఆకు ఆగితే అంతకుముందు చేసిందంతా మట్టే.

ఆ పొద్దున ముందురోజు కోసి తడి గోనెల కింద దాచిన ఆకు వేసి, ఎండ ముదరకముందే నేను తోటకెళ్లి కొత్త మోపు కోసుకొచ్చాను. అత్త అప్పుడే వచ్చి గడప మీద కూర్చుంది. నా చేయి పట్టుకుని వాసన చూసింది. రెండో చేయి చూసింది. తర్వాత నా చేతులు వదిలేసి, మోపులోంచి ఒక ఆకు తెంపి, నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకో కొమ్మది తెంపింది. ఇంకోటి తెంపింది.

"లోపల వేసినవా ఇది?"

"లేదు. ఇప్పుడే తెచ్చాను."

"వెయ్యకు. మోపు తీసుకపోయి రోడ్డు అవతల పారెయ్యి. వాణ్ణి పిలువ్."

మా ఆయన వచ్చాడు. అత్త ఆకు చాచి చూపించింది.

"దీని మీద ఏం కొట్టినవ్ కొడుకా?"

"తెల్లారి చూస్తే చివుర్లు ముడుచుకుపోయి ఉన్నాయి చిన్నమ్మా. మిర్చికి వచ్చినట్టే ముడత" అన్నాడు ఆయన, తప్పు చేసినట్టు కాదు, పని చేసినట్టే. "ఇంట్లో మిర్చి మందు మిగిలింది గదా. తోటంతా కొట్టేశా."

ఆ మాట పూర్తయ్యేలోపే ఆయనకూ అర్థమైంది. చిగురు ముడుచుకుంటే మందు కొట్టడం ఆయన బుర్రతో చేసిన పని కాదు, చేతులే చేసేశాయి. మా వైపు ఏ మిర్చి రైతు చేతులైనా అంతే. ముడత చూసి ఊరుకోవడం వాటికి తెలియదు. ఆయన అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. ఇది ఆకు అని, ఆకే వాటి అన్నమని తెలిసిన మనిషి, పిల్లల కంచంలో తనే విషం పోసినవాడిలా అయిపోయాడు. ఆయన ఏడుస్తుంటే పెళ్లయ్యాక అదే మొదటిసారి చూడటం.

నేను అత్త వైపు చూశాను. ఇప్పుడు ఆమె నోరు లేస్తుంది, ఊరు మొత్తం వినేలా తిడుతుంది, తిట్టాల్సిందే అనుకున్నాను. ఆమె తిట్టలేదు. లోపల పురుగులు తల పైకెత్తి వెతుకుతున్నాయి.

తన కొడుకుతో ఏన్కూరు వైపు తోటల వాళ్లకు ఫోన్ చేయించింది. వాళ్ల పురుగులూ తిండి మీదే ఉన్నాయి, ఆకు లేదన్నారు. ఊళ్లో మా తోట, ఆమె తోట, అంతే. మా తోటలో మందు దిగేదాకా కోయడానికి లేదు.

"కోడలా, కొడవలి అందుకో" అంది లేస్తూ. "నా తోట కోద్దాం."

"మరి నీ పురుగులో అత్తా?"

"నావి చిన్నయ్. మూడో నాగానే ఇప్పుడు."

"అవి పెద్దవయ్యేసరికి నీకు ఆకు ఉండదు కదా. సగం సగం చేద్దాం."

"సగం కడుపుతోటి ఎవలు డ్యూటీ చేస్తరే?" అంది. "రెండు దిక్కుల సగం సగం పెడితే రెండు పంటలు పోతయ్. నడువ్."

"వద్దు చిన్నమ్మా" అన్నాడు మా ఆయన, లేవకుండానే. "నా తప్పుకు నీ పంట ఎందుకు పోవాలి?"

అప్పుడు కొంచెం అసలు గొంతు వచ్చింది ఆమెకు. "నా పంట పోతే నేను మళ్ల తెస్త. మీ పంట పోతే మీరు మళ్ల తెస్తరా? జామాయిల్ వేస్తడు మా బావ. లే. మోపు మొయ్యి."

మధ్యాహ్నం దాకా ముగ్గురం ఆమె తోట కోశాం. మా షెడ్డులో పురుగుల మీద కొమ్మలు పరిచాం. అవి తినడం మొదలుపెట్టాక తల తిప్పి చూస్తే అత్త లేదు.

ఆమె తన షెడ్డు వెనక ఉంది. గొయ్యి తవ్వడం అప్పటికే అయిపోయింది. పురుగులున్న తట్టలు ఒక్కొక్కటే బయటకు తెస్తోంది. నేను సాయానికి వెళ్లబోతే చేయి అడ్డం పెట్టింది. "నువ్ రాకు. నీ పురుగులున్నయ్." రోగం తగలకుండా పారబోసే పురుగుల్ని సున్నం వేసి పూడ్చిపెట్టాలని నాకు నేర్పింది ఆమే. సున్నం చల్లి, మట్టి లాగి, పలుగు మీద చెయ్యి ఆనించింది.

"ఇగ మీరు డ్యూటీకి రాకుండ్రి" అంది వాటితో.

బోరు దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంది. సబ్బుతో మళ్లీ మళ్లీ కడుక్కుంది, గోళ్లలో మట్టి పుల్లతో తీసింది, చీరె మార్చుకుంది. సాయంత్రం మోపు వేసే వేళకు మా షెడ్డుకు వచ్చి, గడప దాటకుండా బయటే ఆగి, రెండు చేతులూ నా ముందు చాపింది.

"వాసన చూడు కోడలా."

"అత్తా, నీ చెయ్యి నేను చూడటమేంటి?"

"చూడు. గోతికాడికెల్లి వచ్చిన."

చూశాను. సబ్బు, బోరు నీళ్లు, లీలగా సున్నం. ఆ చేతుల మీద ముఖం పెట్టుకుని నేను చాలాసేపు ఎత్తలేదు. "అయిపోయిందా ఇంక? ఆకు వాడిపోతున్నది" అని ఆమే విడిపించుకుంది.

మా పురుగులు పండి గూళ్లు కట్టాయి. గూళ్లు కట్టడానికి పురుగుల్ని వదిలే వెదురు చంద్రికల నిండా తెల్లగా, గట్టిగా, చెవి దగ్గర ఊపితే లోపల గలగలలాడుతూ. మామగారు చుట్ట ఇంట్లో పెట్టి వచ్చి, గడప బయట నిలబడి చేయి చాచారు. వాసన చూడటానికి అత్త అక్కడే ఉంది. ఎందుకో ఆ రోజు చూడలేదు, "పో బావా" అంది. ఆయన ఒక గూడు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "మరదలా, నీ పంట పోగొట్టుకుని..." అని ఆగిపోయారు.

"నా పంటకేమైంది?" అంది. "రెండు నెల్లల్ల మళ్లొస్తది. నీ మిర్చి అనుకున్నవా ఏడాది దాకా మొఖం చూసుకుంట కూసోనికె?"

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పైగా, చివర్న ఆకు కాస్త పల్చగా పరిచానని, లేకపోతే గూళ్లు ఇంకా బరువుండేవని సాధించింది. మోపెడ్ ఆ పంటకు రాలేదు, ఆ తర్వాతి పంటకూ రాలేదు. అన్నాళ్లూ మా ఆయన బండి వెనక కూర్చుని, ఆయన నడిపే తీరును దారి పొడుగునా తప్పు పడుతూ తిరిగింది. చివరికి కొనుక్కుంది. వెనక మోపు, ముందు మోపు, మధ్యలో అత్త. ఎదురొచ్చినవాళ్లే పక్కకు తప్పుకునేవాళ్లు.

హైదరాబాదు మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. పిల్లల చదువు, బియ్యం, దవాఖానా, ఏ నెలది ఆ నెల వెళ్లిపోతోంది. పెద్ద గొప్పగా బతుకుతున్నామని కాదు. రేపటి గురించి భయం లేకుండా నిద్రపోతున్నాం. అది ఎంత పెద్ద సంగతో లేనివాళ్లకు తెలుస్తుంది. మా గూళ్ల సంచులు చూసి ఊళ్లో ఒక్కొక్కరే మల్బరీ వేశారు. అడవి అంచు గూడెం ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు కూడా వచ్చి నేర్చుకుని వేశారు. అందరి చేతులూ అత్త వాసన చూసింది, అందరినీ తిట్టింది.

ఈ వానాకాలం ఒక పొద్దున, టీ గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుని, అలాగే పోయింది. ముసురు పట్టి అప్పటికి చాలా రోజులైంది. వాగు పొంగి ఆమె తోటంతా బురదనీళ్లలో నానుతోంది. షెడ్డులో పురుగులు చివరి దశలో ఉన్నాయి. ముందురోజే మోపెడ్ మీద వచ్చి, తోట మునిగింది, ఒక్క పూటకు మోపు ఇవ్వమని నన్ను అడిగి పట్టుకెళ్లింది. అదే ఆమె నన్ను అడిగిన ఒకే ఒక్కటి.

ఊరంతా వాకిట్లో చేరింది. ఆమెను అరుగు మీద పడుకోబెట్టారు. కొడుకు ఏడ్చి ఏడ్చి, షెడ్డు వైపు చూసి, "పారబోస్త వదినా. తోట లేదు, ఆకు లేదు. అమ్మే పోయినంక ఇయ్యెందుకు" అన్నాడు.

మా ఆయన ముందుకొచ్చాడు. "ఆగు తమ్ముడూ" అని, అక్కడున్న వాళ్లందరి వైపు తిరిగి, "ఇంటికో మోపు" అన్నాడు. అంతే అన్నాడు. ఎక్కువ మాట్లాడితే ఏడ్చేస్తాడని నాకు తెలుసు.

ఒకరూ ఎందుకని అడగలేదు. అందరి షెడ్లలోనూ పురుగులున్నాయి, ఎవరి ఆకు వాళ్లకే చాలీచాలదు. అయినా గొడుగులు, గోనె సంచులు కప్పుకుని ఎవరి తోటకు వాళ్లు పోయారు. గూడెం ఆడవాళ్లు ఆ వానలో నడిచి వెళ్లి నడిచి వచ్చారు. మామగారు వయసు మీద పడి మోయలేక, మా మోపును ఒక పక్క పట్టుకుని నాతోపాటు నడిచారు. తడి ఆకు వేయకూడదు కదా, వరండాలో పరిచి, పంచెలతో, చీరె కొంగులతో తుడిచి ఆరబెట్టాం. అరుగు మీద ఆమె, పక్కనే ఆకు తుడుస్తూ మేము. ఆ రోజు ఏడ్చినంత ఏడుపూ పని చేస్తూనే ఏడ్చాం.

ఆకు లోపలికి వెళ్లింది. ఆమెను లేపడానికి ఇంకా కొంచెం టైముంటే, ఎవరి షెడ్డుకు వాళ్లం ఒకసారి వెళ్లి చూసుకుని వచ్చాం. నేను మా గోడకు చెవి పెట్టాను. తింటున్నాయి. వెనక్కి వచ్చి అందరినీ అడిగాను. మావీ తింటున్నాయి అన్నారు అందరూ. అప్పుడు ఆమె షెడ్డు తలుపు తీసి చూశాను. ఊళ్లో తోటలు రెండే ఉన్న రోజున ఒక పంట బతకాలంటే ఇంకోటి గోతిలోకి పోవాల్సి వచ్చింది. ఈసారి ఎవరూ గొయ్యి తవ్వలేదు. ఆమెవీ తింటున్నాయి.